పరీక్ష హాలుకీ పురిటి గదికీ మధ్య

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు ఏప్రిల్ మొదటి వారానికి అటూ ఇటూగా అయిపోతాయి. వాటి వెంటే ఎండాకాలం పెళ్లి ముహూర్తాలు వస్తాయి. పిల్లను ఇంటర్‌లో చేర్చాలా, మానిపించాలా అని ఇంట్లో మాట నడుస్తూ ఉండగానే ఎవరో ఒకరు సంబంధం తెస్తారు. అబ్బాయికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పని ఉంది, కట్నం పెద్దగా అడగడం లేదు, ఇలాంటిది మళ్లీ రాదు అంటారు. జూన్‌లో కాలేజీలు తెరిచేసరికి ఆ పిల్ల అత్తారింట్లో ఉంటుంది. మరుసటి ఏడాది తోటి పిల్లలు ఫస్టియర్ పరీక్షలు రాసే రోజుల్లో, ఆమె ఆశా కార్యకర్త వెంట పీహెచ్‌సీకి వెళ్లి రక్తపరీక్ష కోసం వేలు చాపుతూ ఉంటుంది.

ఇలా జరిగేది ఎక్కడో ఒకటీ అరా ఇళ్లలో కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిలను లెక్కించినప్పుడు, అప్పటికే తల్లులైనవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కలిపి 12.6 శాతం తేలారు. అంటే ఎనిమిదిమందిలో ఒకరు. దేశం మొత్తం మీద ఇది 6.8 శాతమే. పక్కనున్న తమిళనాడులో 6.3, కర్ణాటకలో 5.4, కేరళలో 2.4, తెలంగాణలో 5.8. అంతకుముందు సర్వేతో పోలిస్తే దేశంలో ఈ సంఖ్య తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 11.8 నుంచి కాస్త పెరిగింది.

టీనేజ్ గర్భం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేవి సెల్‌ఫోన్లు, సినిమాలు, ప్రేమ వ్యవహారాలు. అమ్మాయి దారి తప్పిందని, పెంపకం సరిగా లేదని అనుకుంటారు. లెక్కలు వేరే సంగతి చెబుతాయి. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో 18 ఏళ్లలోపు అమ్మాయిల కాన్పుల్లో పదింట తొమ్మిది పెళ్లయ్యో, జంటగా కాపురం ఉంటూనో జరిగినవేనని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2013లోనే చెప్పింది. అంటే మేళతాళాలతో, పెద్దల ఆశీర్వాదాలతో, ఊరందరికీ భోజనాలు పెట్టి మరీ మొదలయ్యే గర్భాలే ఎక్కువ. ఇందులో ఆ పిల్ల తీసుకున్న నిర్ణయం చాలాసార్లు ఒక్కటీ ఉండదు. ఈ సమస్య గురించి ఎక్కడ మాట్లాడినా మొదట ఒప్పుకోవాల్సింది ఇదే.

ప్రపంచవ్యాప్తంగా చూస్తే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. పేద, మధ్యాదాయ దేశాల్లో 15–19 ఏళ్ల అమ్మాయిలు ఏటా 2 కోట్ల 10 లక్షల మంది గర్భం దాలుస్తున్నారని, అందులో 1 కోటీ 20 లక్షల దాకా కాన్పుల వరకూ వెళ్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనా. ఆ గర్భాల్లో సుమారు సగం కోరుకోనివి. కోరుకోని వాటిలో సగానికి పైగా అబార్షన్లతో ముగుస్తాయి. వాటిలో చాలామటుకు నాటువైద్యం, నకిలీ మాత్రలు, అర్హత లేని చేతులు. అయితే మార్పు లేదనడానికీ వీల్లేదు. ప్రపంచంలో 2000 సంవత్సరంలో ఈ వయసు అమ్మాయిలు ప్రతి వెయ్యిమందికి 64 కాన్పులు జరిగితే, 2023 నాటికి 41కి దిగాయి. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో మాత్రం ఇప్పటికీ 98 దగ్గర ఉంది.

వయసు తక్కువైతే ఒంటికి ఏమవుతుంది? మన పెద్దవాళ్లలో ఒక నమ్మకం ఉంది. పిల్ల పెద్దమనిషి అయితే చాలు, తల్లి కావడానికి శరీరం సిద్ధమైనట్టే అని. వైద్యం దీన్ని ఒప్పుకోదు. నెలసరి మొదలైన తర్వాత కూడా ఆడపిల్ల ఎత్తు పెరుగుతుంది, కటి ఎముకలు వెడల్పు కావడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. ఈలోపు కడుపు పండితే తల్లీ బిడ్డా ఇద్దరూ ఎదిగే వయసులోనే ఉంటారు, ఇద్దరికీ అదే అన్నం, అదే రక్తం. మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి అసలే రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ శాతం ఇంకా ఎక్కువ. రక్తం తక్కువగా ఉన్న పిల్ల కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా తట్టుకోలేదు.

రెండో ప్రమాదం బీపీ. తొలి చూలులో, అదీ చిన్న వయసులో, ఉన్నట్టుండి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం, 20 దాటినవాళ్లలో కంటే టీనేజ్ తల్లుల్లో ఎక్కువ. కాళ్లకు నీరు వచ్చింది, తలనొప్పిగా ఉంది, కళ్లు మసకలు కమ్ముతున్నాయి అని పిల్ల చెబితే, కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే అని పక్కన పెట్టే ఇళ్లు ఉన్నాయి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కాన్పు తర్వాత గర్భసంచికి ఇన్ఫెక్షన్ సోకడం, నెలలు నిండకుండా పుట్టడం, బిడ్డ బరువు తక్కువగా ఉండటం కూడా ఈ వయసు తల్లుల్లో ఎక్కువే. ప్రపంచంలో 15–19 ఏళ్ల అమ్మాయిల మరణాలకు ముఖ్య కారణాల్లో గర్భం, ప్రసవంలో వచ్చే చిక్కులు ఒకటి.

చావు ఒక్కటే కాదు, బతికి బయటపడ్డవాళ్లు మోసే బాధ ఎలాంటిదో తెలియాలంటే ఇథియోపియా వెళ్లాలి. ఆస్ట్రేలియాకు చెందిన క్యాథరిన్ హామ్లిన్, ఆమె భర్త న్యూజిలాండ్ వాసి రెజినాల్డ్ హామ్లిన్, ఇద్దరూ ప్రసూతి వైద్యులు. 1959లో అడిస్ అబాబా చేరారు. కొండ పల్లెల నుంచి వాళ్ల దగ్గరికి వచ్చే అమ్మాయిల కథలన్నీ ఒకేలా ఉండేవి. చిన్నతనంలో పెళ్లి, దగ్గరలో ఆస్పత్రి లేని ఊరు, రెండు మూడు రోజులపాటు సాగిన నొప్పులు. ఇరుకైన కటిలో బిడ్డ తల ఇరుక్కుపోతే, ఆ ఒత్తిడికి మూత్రాశయానికీ యోనికీ మధ్యనున్న కండకు రక్తం అందక కుళ్లిపోయి రంధ్రం పడుతుంది. దీన్నే ఫిస్ట్యులా అంటారు. బిడ్డ దాదాపు ఎప్పుడూ దక్కదు. ఆ రోజు నుంచి మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు కడుక్కున్నా వాసన పోదు. భర్త వదిలేస్తాడు, బస్సులో పక్కన ఎవరూ కూర్చోరు, చాలామందిని ఊరి చివర పాకలో విడిగా ఉంచేవారు.

హామ్లిన్ దంపతులు 1974లో ఈ ఒక్క జబ్బు కోసమే అడిస్ అబాబాలో ఆస్పత్రి కట్టారు. వాళ్ల దగ్గరికి 1960ల్లో రోగిగా వచ్చిన మామితు గాషే కథ మరీ ప్రత్యేకం. బడి గడప తొక్కని పల్లె పిల్ల, టీనేజీలోనే పెళ్లి, తొలి కాన్పులో బిడ్డ పోయి, ఒళ్లు చిల్లులు పడి వచ్చింది. వైద్యం తర్వాత అక్కడే ఉండిపోయి పక్కలు సర్దింది, రోగులకు తోడుగా ఉంది. ఆమె చేతి నేర్పు చూసి రెజినాల్డ్ ఆపరేషన్ బల్ల దగ్గర పక్కన నిలబెట్టుకున్నారు. చూస్తూ, పట్టుకుంటూ, కుట్లు వేస్తూ నేర్చుకున్న ఆ మనిషి చివరికి స్వయంగా ఫిస్ట్యులా ఆపరేషన్లు చేసే స్థాయికి ఎదిగింది. విదేశాల నుంచి వచ్చిన డాక్టర్లకే మెళకువలు నేర్పింది. 1989లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ హామ్లిన్ దంపతులతోపాటు ఆమెనూ బంగారు పతకంతో గౌరవించింది. అంతటి మేధ ఉన్న పిల్లకు ఆ ఊళ్లో దక్కింది బడి కాదు, పెళ్లి. ఇలా మన కంటబడకుండా పోయిన మామితులు ఎంతమందో!

మన దగ్గర సిజేరియన్ అందుబాటులో ఉంది, కాన్పులు దాదాపు అన్నీ ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి కాబట్టి అలాంటి ఫిస్ట్యులాలు బాగా తగ్గాయి. దాంతో ప్రమాదం తప్పిపోయిందన్న ధీమా కూడా వచ్చేసింది. అది సరికాదు. 2019లో లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో వచ్చిన అధ్యయనం మన దేశంలోని 60 వేల పైచిలుకు తల్లీబిడ్డల వివరాలు పరిశీలించింది. టీనేజ్ తల్లులకు పుట్టిన పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు, పెద్ద వయసు తల్లుల పిల్లలతో పోలిస్తే పది శాతం పాయింట్లు ఎక్కువ. తల్లి పొట్టిగా, బక్కగా ఉండటం, చదువు ఆగిపోవడం, ఇంట్లో డబ్బు లేకపోవడం దీనికి దారితీస్తున్నాయని పరిశోధకులు తేల్చారు. పిల్లకు పదహారేళ్లకు చేసిన పెళ్లి, ఆమె బిడ్డ ఎత్తులోనూ కనబడుతుందన్నమాట.

ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో ఒక విచిత్రం ఉంది. ఇది పిల్లల్ని ఎక్కువగా కనే రాష్ట్రం కానే కాదు. ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. పిల్లలు తగ్గడం, చదువు పెరగడం, పెళ్లి వయసు పెరగడం చాలాచోట్ల చేయీ చేయీ పట్టుకుని నడిచాయి. ఇక్కడ మొదటిది జరిగింది, చివరిది వెనకబడింది. 20–24 ఏళ్ల ఆంధ్ర మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పెళ్లైన ఏడాదికి ఒక బిడ్డ, మరో రెండేళ్లకు ఇంకొకరు, వెంటనే ఆపరేషన్. పెళ్లైన ఆంధ్ర మహిళల్లో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో ఇదే అత్యధికం. మాత్రలు, కాపర్‌టి, కండోమ్ లాంటి తాత్కాలిక పద్ధతులు వాడేవాళ్లు నామమాత్రం.

అంటే మన ఆరోగ్య వ్యవస్థ ఆమెతో కుటుంబ నియంత్రణ గురించి మొదటిసారి గట్టిగా మాట్లాడేది కాన్పులు అయిపోయాకే. పెళ్లికీ మొదటి కడుపుకీ మధ్య ఆగడం అనే ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు. తట్టినా నోరు విప్పి అడిగే ధైర్యం పదిహేడేళ్ల కోడలికి ఉండదు. మూడు నెలలు దాటితే చాలు, ఇంకా విశేషం లేదా అని చుట్టుపక్కలవాళ్లు ఆరా తీస్తారు. కొత్త జంటలకు ఆశా కార్యకర్తలు కండోమ్‌లు, మాత్రలు, గర్భపరీక్ష కిట్ ఉన్న సంచి ఇచ్చే పథకాన్ని కేంద్రం మొదట సంతానం ఎక్కువగా ఉన్న ఉత్తరాది జిల్లాల కోసం రూపొందించింది. సంతానం తక్కువ, కానీ చిన్న వయసులోనే కనే మనలాంటి రాష్ట్రానికి ఆ సంచి అంతకంటే తక్కువ అవసరమేమీ కాదు.

తల్లిదండ్రుల్ని తిట్టడం తేలిక. వాళ్ల లెక్క వేరు. పిల్ల డిగ్రీ చదివితే అంతకు మించి చదివినవాణ్ని తేవాలి, కట్నం లక్షలు దాటుతుంది. పదో తరగతి దాకా బడి ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటుంది, జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది. పొద్దున బస్సు తప్పితే సాయంత్రం దాకా మరొకటి లేని ఊళ్లు ఎన్నో. పనుల కోసం వలస వెళ్లే దంపతులు ఈడొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదలాలి? ఎవరితోనైనా మాట్లాడుతూ కనిపిస్తే ఊళ్లో పరువు ఏమవుతుంది? గుండెల మీద కుంపటిలా ఉన్న భయాలన్నిటికీ మూడు ముళ్లే విరుగుడని వాళ్లకు తోస్తుంది. ఆ భయాల్లో కొన్ని నిజమైనవి. అందుకే చట్టం పేరు చెప్పి బెదిరిస్తే పెళ్లి ఆగదు, రాత్రికి రాత్రి గుడిలో జరుగుతుంది.

చట్టం ఒక్కటే పట్టుకుంటే ఏమవుతుందో అస్సాం చూపించింది. 2023 ఫిబ్రవరిలో బాల్యవివాహాల కేసుల్లో అక్కడి ప్రభుత్వం తొలివిడతలోనే మూడు వేల మందికి పైగా అరెస్టు చేసింది. పట్టుకున్నవాళ్లలో చాలామంది అప్పటికే కడుపుతో ఉన్న అమ్మాయిల భర్తలు. దాంతో పేరు నమోదు చేయించుకుంటే పోలీసులు వస్తారన్న భయంతో గర్భిణులు ఆస్పత్రులకు దూరంగా ఉండిపోయారన్న వార్తలు వచ్చాయి. వైద్యం అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్లే ఆస్పత్రి గేటు చూసి వెనక్కి తిరిగితే ఆ చట్టం ఎవరిని కాపాడినట్టు? మన పీహెచ్‌సీల్లోనూ ఇదే చిక్కు చిన్న రూపంలో ఉంది. తల్లీబిడ్డల కార్డులో వయసు గడి దగ్గరికి వచ్చేసరికి అత్తగారు పంతొమ్మిది అని చెబుతుంది, పిల్ల తల దించుకుంటుంది. పదహారేళ్ల పిల్లకు పెట్టాల్సిన ప్రత్యేక శ్రద్ధ ఆ ఒక్క అంకెతో తప్పిపోతుంది.

పెళ్లి కాకుండా గర్భం వచ్చిన అమ్మాయిల పరిస్థితి ఇంకా ఘోరం. వాళ్లలో అత్యాచారానికి గురైనవాళ్లుంటారు, ప్రేమ పేరుతో మోసపోయినవాళ్లుంటారు, ఇష్టపడి వెళ్లినవాళ్లూ ఉంటారు. 18 లోపు అయితే పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ భయంతో దొంగచాటుగా మాత్రలు మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక దారి చూపింది. ఇష్టపడి దగ్గరైన సందర్భంలో మైనర్ బాలికకు చట్టబద్ధంగా అబార్షన్ చేసే డాక్టరు, ఆమె గానీ సంరక్షకులు గానీ కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదని చెప్పింది. 2021 సవరణ తర్వాత మైనర్లకు 24 వారాల వరకు అబార్షన్ చేయించుకునే వీలుంది. ఈ రెండు సంగతులూ తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. తెలిస్తే దక్కే ప్రాణాలు ఉన్నాయి.

పిల్లనే దోషిని చేసిన దేశాలు ఏం సాధించాయో కూడా చూడొచ్చు. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఎబోలా వచ్చి బళ్లు మూతపడిన నెలల్లో వేలమంది అమ్మాయిలు గర్భవతులయ్యారు. 2015లో బళ్లు తెరిచినప్పుడు, కడుపు కనిపిస్తున్న పిల్లలు తరగతికి రాకూడదని, పరీక్షలు రాయకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. మిగతా పిల్లలు చెడిపోతారన్నది వాళ్ల వాదన. నిషేధం ఒక్క గర్భాన్నీ ఆపలేదు. 2019 డిసెంబర్‌లో ఆ ప్రాంత దేశాల ఉమ్మడి న్యాయస్థానం ఇది వివక్ష అని తీర్పిచ్చాక, 2020 మార్చిలో ఎత్తేశారు. 2024లో అదే దేశం బాల్యవివాహాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. టాంజానియాలో అధ్యక్షుడు మగుఫులి 2017లో, తానున్నంతకాలం తల్లులైన పిల్లలకు బడిలో చోటు లేదని ప్రకటించాడు. ఆయన తర్వాత వచ్చిన అధ్యక్షురాలు సామియా సులుహు హయాంలో, 2021 నవంబర్‌లో ఆ తలుపులు తెరుచుకున్నాయి.

మరి ఏది పనిచేసింది? ఇంగ్లండ్‌లో 1998లో 15–17 ఏళ్ల అమ్మాయిలు ప్రతి వెయ్యిమందిలో సుమారు 47 మంది గర్భం దాల్చేవారు. మిగతా పశ్చిమ ఐరోపాతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. మరుసటి ఏడాది ప్రభుత్వం పదేళ్ల ప్రణాళిక పెట్టింది. బడిలో శరీరం గురించి, సంబంధాల గురించి సూటిగా పాఠాలు, ఎవరూ ప్రశ్నలతో వేధించని క్లినిక్కులు, ప్రతి ప్రాంతానికీ బాధ్యత తీసుకునే ఒక అధికారి, తల్లులైన పిల్లలు మళ్లీ చదువుకోవడానికి సాయం. గడువులోగా అనుకున్నంత సాధించలేదు, విమర్శలు వచ్చాయి. అయినా వదల్లేదు. 2014 నాటికి సంఖ్య 23కి, అంటే సగానికి దిగింది. పాఠాలు చెబితే పిల్లలు చెడిపోతారని మన దగ్గర ఇప్పటికీ భయపడేవాళ్లు ఈ పదిహేనేళ్ల చరిత్రను ఒకసారి చూడాలి.

అక్కడి మందు అంతా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే మన దగ్గర సమస్య పెళ్లి దగ్గర మొదలవుతుంది. మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ బీహార్. అక్కడ 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బులివ్వడం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించి, హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని తేల్చారు. బడి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లలో ఫలితం ఇంకా ఎక్కువ. గుంపులు గుంపులుగా సైకిళ్ల మీద వెళ్లే ఆడపిల్లలు ఊళ్లకు అలవాటైపోయారు. బడికీ గర్భానికీ ఉన్న లంకె ఎంత గట్టిదో మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. అసలు చదువుకోని అమ్మాయిల్లో 18 శాతం మంది టీనేజీలోనే తల్లులో గర్భిణులో అయితే, పన్నెండేళ్లు, ఆపైన చదివినవాళ్లలో 4 శాతమే. ఆడపిల్లలందరూ హైస్కూల్ పూర్తి చేస్తే బాల్యవివాహాలు మూడింట రెండు వంతుల వరకు తగ్గవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించింది.

తెలుగు నేల మీద చేసిన ప్రయత్నాలూ తక్కువేం కాదు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా బృందం పనికి వెళ్లే పిల్లలను శిబిరాల ద్వారా బడికి చేర్చింది. ఊరూరా బాలల హక్కుల పరిరక్షణ వేదికలు పెట్టి, చిన్నవయసు పెళ్లి కుదిరినప్పుడు ఊరి మనుషులే ఆ ఇంటికి వెళ్లి మాట్లాడేలా చేసింది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. తెలంగాణ 2014లో తెచ్చిన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల్లో డబ్బు అందాలంటే వధువుకు 18 నిండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన కల్యాణమస్తు పథకం ఇంకో అడుగు ముందుకేసి, వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలంది. మంచి షరతులే. కానీ పెళ్లి రోజున చేతిలో పెట్టే లక్ష రూపాయల కంటే, పదహారో ఏట కాలేజీ బస్సుకీ హాస్టల్‌కీ పెట్టే ఖర్చే ఆ పిల్లను ఎక్కువ కాలం కాపాడుతుంది. కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ పెట్టిన చోట్ల సీట్ల కోసం వచ్చే తల్లిదండ్రులను చూస్తే, చదివించాలన్న కోరిక లేక కాదు, భద్రంగా చదివించే చోటు లేకే వాళ్లు పెళ్లివైపు మొగ్గుతున్నారని అర్థమవుతుంది.

ఇప్పటికే కడుపుతో ఉన్న పదిహేడేళ్ల పిల్ల మాటేమిటి? ఆమెకు ముందు కావలసింది తిట్లు పడకుండా ఆస్పత్రికి వెళ్లగలగడం. మూడో నెలలోపే పేరు నమోదు, వయసు ఉన్నది ఉన్నట్టుగా చెప్పడం, ప్రతిసారీ బీపీ, హిమోగ్లోబిన్ చూడటం, ఐరన్ మాత్రలు నిజంగా మింగుతోందో లేదో ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండటం, సిజేరియన్ చేయగల ఆస్పత్రిలో కాన్పు. కాన్పైన వెంటనే కాపర్‌టి వేయించుకోవచ్చు. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజక్షన్, వారానికోసారి వేసుకునే ఛాయ మాత్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. రెండో బిడ్డకు మూడేళ్లు ఎడం ఉంటే ఆమె ఒళ్లు కోలుకుంటుంది. ఆగిపోయిన ఇంటర్‌ను ఓపెన్ స్కూల్లో రాసుకునే వీలు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆ ఫీజు కట్టే బాధ్యత భర్త తీసుకుంటే, పరీక్షల వారం పసిబిడ్డను అత్తగారో అమ్మమ్మో చూసుకుంటే, పరీక్ష హాల్‌టికెట్ మళ్లీ ఆమె చేతికి వస్తుంది.